పాత బేస్ గిటార్ ఎక్కడ అమ్మాలి, దాని కర్రకు ఎంత విలువ కట్టాలి

పోయిన నెల మా పిన్ని కొడుకు ఫోన్ చేశాడు. "అన్నా, నా బేస్ అమ్మేద్దామనుకుంటున్నా, బాడీ మహాగనీ, ముప్పై వేలు పెట్టొచ్చా?" అని. మహాగనీ అని ఎవడు చెప్పాడ్రా అంటే, కొన్నప్పుడు షాపులో చెప్పారన్నాడు. సరే, ఇంట్లో స్టార్ స్క్రూడ్రైవర్ ఉంటే తెచ్చుకుని వీడియో కాల్ చెయ్ అన్నాను. వాడి బేస్‌కి వెనకవైపు నల్ల ప్లాస్టిక్ మూత ఉంటుంది, వాల్యూమ్, టోన్ నాబ్‌ల వైర్లన్నీ దాని కిందే. నాలుగు స్క్రూలు విప్పించి (ఒకటి మంచం కిందికి దొర్లింది), టార్చ్ వేసి ఆ గుంత అంచు చూపించమన్నాను. మడత కాజాలో పొరల్లాగా ఒకదాని మీద ఒకటి సన్నటి పలకలు, ఒకటి తెల్లగా, ఒకటి ఎర్రగా. ప్లైవుడ్. వాడి మొహం చూడాలి అప్పుడు.

అలాగని అది చెత్త బేస్ కాదు. నెక్ తిన్నగా ఉంది, పికప్‌లు బాగా పనిచేస్తున్నాయి, వాయిస్తే శుభ్రంగా పలుకుతోంది. ముప్పై వేల బేస్ మాత్రం కాదు. పాత బేస్ అమ్మాలనుకునేవాళ్లు చాలామంది ఇక్కడే తప్పులో కాలేస్తారు. కర్ర పేరు పట్టుకుని ధర కడతారు, కొనేవాడేమో కర్ర ఎలా ఉందో చూసి ధర కడతాడు. అందుకే ముందు కర్ర సంగతి తేల్చుకుని, ఆ తర్వాత ఎక్కడ అమ్మాలో చూద్దాం, ఎందుకంటే రెండోది మొదటిదాని మీదే ఆధారపడి ఉంటుంది.

కర్ర పేరుకు డబ్బులొస్తాయా?

మనవాళ్లకి వీణ సంగతి తెలుసు కాబట్టి ఈ అయోమయం సహజమే. బొబ్బిలి వీణకు పనస కర్రే కావాలంటారు, ఒకే దుంగను తొలిచి చేసిన దానికి ఉండే గౌరవమే వేరు, ఎందుకంటే అక్కడ తీగ కదలిక కుండలోకి దిగి, కర్ర అదిరి, గాలి అదిరి మన చెవికి చేరుతుంది. ఎలక్ట్రిక్ బేస్‌లో దారి వేరు. పికప్ అంటే అయస్కాంతం, దాని చుట్టూ చుట్టిన సన్నటి రాగి తీగ. పైన ఉక్కు తీగ కదిలితే ఆ కదలికే కరెంటుగా మారి యాంప్‌కి వెళ్తుంది. కర్ర వల్ల అసలు తేడానే రాదని కొందరు, కళ్లకు గంతలు కట్టినా ఆల్డర్ కర్రకీ యాష్ కర్రకీ తేడా చెప్తామని కొందరు ఏళ్ల తరబడి కొట్టుకుంటున్నారు. నేను మొదటి జట్టుకు దగ్గర. డానెలెక్ట్రో వాళ్లు 1950ల్లోనే మేసనైట్ అనే నొక్కిన చెక్కపొట్టు అట్టతో గిటార్లు, బేస్‌లు చేసి అమ్మారు, స్టైన్‌బెర్గర్ అయితే కర్ర లేకుండా కార్బన్ ఫైబర్‌తో హెడ్‌స్టాక్ (నెక్ చివరన ఉండే తల) లేని బేస్ చేశాడు, రెండింటినీ జనం ఇష్టపడి వాయించారు. స్ట్రింగ్స్ మార్చినా, పికప్ ఎత్తు రెండు మిల్లీమీటర్లు మార్చినా వచ్చే తేడా, బాడీ కర్ర మారితే వచ్చేదానికంటే చాలా ఎక్కువ. ఇది నా చెవి మాట.

ఇంకో సంగతి. జనం గొప్పగా చెప్పుకునే కర్రలన్నీ సౌండ్ కోసమే ఏరుకొచ్చినవి కావు. ఫెండర్ కంపెనీ 1951లో ప్రెసిషన్ బేస్ తెచ్చినప్పుడు బాడీ యాష్ కర్రతో ఉండేది, 1956 ప్రాంతంలో ఎక్కువ వాటిని ఆల్డర్‌కు మార్చారు. యాష్ చారల్లో సన్న రంధ్రాలుంటాయి, రంగు వేసేముందు వాటిని పూడ్చాలి, ఆల్డర్‌తో ఆ తలనొప్పి లేదు, పైగా చవక. వర్క్‌షాప్ లెక్క అది. తర్వాత 2020లో యాష్‌ను మామూలు మోడళ్లలో చాలావరకు తగ్గిస్తున్నామని వాళ్లే ప్రకటించారు, అమెరికాలో ఆ చెట్లను ఒక పచ్చ పురుగు తినేస్తోంది కాబట్టి. దీనివల్ల చారలు కనపడేలా పారదర్శకమైన రంగు వేసిన, తేలికైన స్వాంప్ యాష్ బేస్ మీ దగ్గరుంటే దానికి కాస్త ఎక్కువ అడగొచ్చు. అది సౌండ్‌కి కాదు, అరుదు కాబట్టి, చూడ్డానికి బాగుంటుంది కాబట్టి.

ఇక మనం ఎక్కువగా చూసే కర్ర బాస్‌వుడ్. పేరు చూసి బేస్ గిటార్ కోసమే పుట్టిన కర్ర అనుకునేవాళ్లున్నారు, ఒక అమ్మకందారు "బేస్‌వుడ్ కాబట్టి బేస్ ఎక్కువొస్తుంది" అని రాయడం నేనే చూశాను. ఆ చెట్టు లోపలి బెరడు నారను ఇంగ్లీషులో బాస్ట్ అంటారు, పేరు అక్కణ్నుంచి వచ్చింది. మెత్తటి కర్ర, రంగు వేయని చోట గోరుతో నొక్కితే గుర్తు పడుతుంది. గట్టిదనం కొలిచే జంకా లెక్కలో బాస్‌వుడ్ 410 దగ్గర, ఆల్డర్ 590, నెక్‌లకు వాడే హార్డ్ మేపుల్ 1450. మెత్తదనం వల్ల సౌండ్ పాడవదు గానీ రెండు చిక్కులున్నాయి. బల్ల అంచుకు తగిలితే సొట్ట పడుతుంది, స్క్రూ రంధ్రాలు అరిగిపోతాయి. స్ట్రాప్ తగిలించే బొడిపె పట్టుకుని అటూ ఇటూ ఊపి చూడండి, కదిలితే ఆ స్క్రూ పట్టు పోయినట్టే. విప్పి, ఆ రంధ్రంలో రెండు అగ్గిపుల్లలు ఫెవికాల్ ముంచి దూర్చి, ఒక రాత్రి ఆరనిచ్చి మళ్లీ బిగిస్తే గట్టిగా నిలుస్తుంది. అమ్మే ముందు చేయాల్సిన రిపేరు అంటూ ఉంటే ఇదే. కొనడానికి వచ్చినవాడి మెడలో ఉండగా బేస్ ఊడి పడితే ఇక బేరం మాటే ఉండదు.

పోప్లర్, అగాథిస్, నాటో, ఒకూమె, ఇవన్నీ చవక మోడళ్లలో కనపడతాయి, వీటిలో ఏదైనా మీ ధర మారదు. ఒకే మోడల్ పేరు మీద కంపెనీలు ఏళ్లు గడిచేకొద్దీ కర్ర మార్చేస్తుంటాయి, ఐబానెజ్ జీఎస్ఆర్ వరుసే దీనికి ఉదాహరణ, కాబట్టి నెట్‌లో ఇప్పటి స్పెసిఫికేషన్ చూసి మీ పదేళ్లనాటి బేస్‌కి అదే రాయకండి. యమహా టీఆర్‌బీఎక్స్ 304 బాడీ మహాగనీ, అలా ఖాయంగా తెలిస్తే రాయండి. పైన అందమైన చారలున్న బేస్ అయితే ఆ చారలు పక్క అంచు మీదుగా కొనసాగుతున్నాయా చూడండి. అంచు దగ్గర ఆగిపోతే అది పైన అతికించిన పొర, కింద వేరే కర్ర ఉంటుంది.

ఫింగర్‌బోర్డు, అంటే నెక్ మీద తీగలు నొక్కే పలక విషయంలో మాత్రం మనకో చుట్టరికం ఉంది. రోజ్‌వుడ్ ఫింగర్‌బోర్డులకు ఎక్కువగా వాడే ఇండియన్ రోజ్‌వుడ్ అంటే మన జిట్రేగి. 2017 జనవరిలో అంతర్జాతీయ ఒప్పందం కింద రోజ్‌వుడ్ జాతి మొత్తాన్ని ఆంక్షల జాబితాలో పెట్టడంతో, దేశాలు దాటించాలంటే కాగితాల గొడవ ఎందుకని కంపెనీలు వేరే కర్రలకు మళ్లాయి. తయారైపోయిన వాయిద్యాలకు 2019 నవంబర్‌లో సడలింపు ఇచ్చినా చవక మోడళ్లు చాలావరకు వెనక్కి రాలేదు. ఫెండర్ వాళ్ల చవక బ్రాండ్ స్క్వయర్ బేస్‌ల మీద "ఇండియన్ లారెల్" అని రాస్తారు చూడండి, అది మన నల్లమద్ది, ఇళ్ల దూలాలకు వాడే కర్ర! గట్టి కర్రే, ఏ దిగులూ అక్కర్లేదు. కాకపోతే కొనేవాళ్లలో రోజ్‌వుడ్ అన్న మాటకు మోజు ఎక్కువ, అదే మోడల్‌లో పాత రోజ్‌వుడ్ బోర్డుది ఉంటే త్వరగా పోతుంది.

కర్రలో నిజంగా చూడాల్సింది

ముందు నెక్. బాడీ కర్ర గురించి గంట మాట్లాడేవాళ్లు నెక్ వైపు చూడనే చూడరు, కానీ నాలుగు లావుపాటి తీగల లాగుడు రోజంతా మోసేది అదే. 34 అంగుళాల స్కేల్ (తీగ అదిరే పొడవు) మీద ఆ బరువు తక్కువేమీ కాదు. బాడీ వైపు నుంచి తుపాకీ గురి చూసినట్టు ఒక కన్ను మూసి నెక్ పొడవునా చూడండి. కొద్దిగా వంపు ఉంటే పర్వాలేదు, నెక్ లోపలుండే ట్రస్ రాడ్ అనే కడ్డీతో సర్దుకుంటుంది. మెలి తిరిగి ఉంటే, అంటే ఒక వైపు అంచు పైకి ఒక వైపు కిందికి ఉంటే, అది ఇంట్లో బాగయ్యే జబ్బు కాదు, ధర సగానికి పడిపోతుంది, దాచినా దాగదు. వంపు ఎంతో చూడాలంటే ఒకే తీగను మొదటి ఫ్రెట్ (నెక్ మీది అడ్డ లోహపు కడ్డీ) దగ్గరా చివరి ఫ్రెట్ దగ్గరా నొక్కి పట్టుకుని, 8వ ఫ్రెట్ దగ్గర తీగకీ ఫ్రెట్‌కీ మధ్య విజిటింగ్ కార్డు దూర్చండి. ముట్టీ ముట్టనట్టు దూరితే చాలు, సుమారు 0.3 మిల్లీమీటర్లు. ఎక్కువ ఖాళీ ఉంటే ట్రస్ రాడ్‌ని అలెన్ కీతో పావు తిప్పు బిగించి, కాసేపాగి మళ్లీ చూడండి. అది ఇంక తిరగను అంటే బలవంతం చేయొద్దు. తిరగడం లేదని కొనేవాడికి చెప్పాల్సిందే.

తర్వాత అన్నిటికంటే సన్నదైన జీ తీగ మీద 5 నుంచి 7వ ఫ్రెట్ దాకా ఒక్కో స్వరం వాయించి ఎంతసేపు నిలుస్తుందో వినండి. ఫెండర్ తరహా బేస్‌లలో అక్కడెక్కడో ఒక స్వరం మీటగానే చచ్చిపోతుంది, నెక్ కర్ర ఆ స్వరంతో పాటు తానూ ఊగి దాని శక్తిని మింగేస్తుంది. ఎలక్ట్రిక్ బేస్‌లో కర్ర సౌండ్‌ని మార్చడం చెవికి స్పష్టంగా తెలిసేది ఇక్కడే. ఇది ఖరీదైన బేస్‌లలోనూ ఉంటుంది, కాబట్టి లోపం అనుకోకండి, మరీ ఘోరంగా ఉంటే తప్ప.

బాడీ లోపలి కర్ర చూడాలంటే, వెనక మూత ఉన్న మోడల్ అయితే మా తమ్ముడు చేసినట్టు చేయొచ్చు. చాలావాటికి ఆ గుంతలో కరెంటు గోల రాకుండా నల్లటి పెయింట్ పూసి ఉంటుంది, కర్ర కనపడదు. ప్రెసిషన్ తరహావాటికి వెనక మూతే ఉండదు. అప్పుడు తీగలు పూర్తిగా వదులు చేసి నెక్ విప్పడమే. నాలుగు స్క్రూలే. నెక్ కూర్చునే గాడిలో కొంచెమైనా రంగు అంటని కర్ర కనపడుతుంది, నెక్ మడమ (ఆ గాడిలో కూర్చునే కొస) మీద తేదీ ముద్ర ఉన్నా ఉండొచ్చు, అది ఫొటో తీసి పెట్టుకోండి, కొనేవాడు నమ్మే సాక్ష్యం. నెక్ మడమ అంచున చారలు నిలువుగా ఉంటే గట్టి కోత, అడ్డంగా ఉంటే మామూలు కోత, ఎక్కువ బేస్‌లకు ఉండేది ఈ మామూలుదే. మళ్లీ బిగించేటప్పుడు డ్రిల్ మెషీన్ వాడొద్దు. స్క్రూని ముందు వెనక్కి తిప్పండి, టక్కుమని పాత మరలోకి దిగిన చప్పుడు వేలికి తెలుస్తుంది, అప్పుడు ముందుకు తిప్పండి. నేరుగా బిగిస్తే కొత్త మర కోసుకుని రంధ్రం పాడవుతుంది.

బరువు తప్పకుండా తూచండి. ఎయిర్‌పోర్టుకు వెళ్లేముందు లగేజీ తూచే చేతి కాటా చాలు. నాలుగు కిలోల లోపు ఉంటే ఆ అంకె ప్రకటనలో మొదటి వరుసలోనే పెట్టండి, మూడు గంటల కచేరీ నిలబడి వాయించేవాడికి కర్ర పేరుకంటే అదే ముఖ్యం. అయిదు కిలోలు దాటితే అదీ చెప్పండి, లేకపోతే చూడ్డానికొచ్చి వదిలేసి పోతాడు.

ఇక మన వాతావరణం. హైదరాబాద్ ఎండాకాలంలో, అదీ ఏసీ గదిలో, ఫింగర్‌బోర్డు ఎండి కుంచించుకుపోతుంది, ఫ్రెట్‌ల లోహం మాత్రం కుంచించుకోదు కాబట్టి దాని కొసలు బయటికి పొడుచుకొచ్చి చేతికి గీసుకుంటాయి. విశాఖ, కాకినాడ వైపు కర్ర బాగానే ఉంటుంది, స్క్రూలు, బ్రిడ్జ్ తుప్పు పడతాయి. ఏళ్ల తరబడి అటక మీద పడున్న బేస్ అయితే కవర్ అడుగున పిండిలా రాలిందేమో చూడండి, రాలిందంటే కర్ర పుచ్చుతోంది. అలాంటిది ఎవరికీ అమ్మకండి, పక్కనున్న గిటార్‌కీ పురుగు పాకుతుంది.

ఎక్కడ అమ్మాలి

షాపులో ఎక్స్ఛేంజ్ చాలా తేలిక, చాలా నష్టం కూడా. నేను ఒకప్పుడు పంతొమ్మిదిన్నర వేలకు కొన్న నాలుగు తీగల బేస్‌ని ఒక షాపుకు పట్టుకెళ్తే, అక్కడి కుర్రాడు కనీసం ప్లగ్ పెట్టకుండానే ఏడు వేలు అన్నాడు, అవసరంలో ఉన్నాను, ఇచ్చేశాను. వారం తర్వాత అటువైపు వెళ్తే అదే బేస్ గోడకు వేలాడుతోంది, పదమూడున్నర అని చీటీ. కోపం వచ్చిన మాట నిజమే గానీ షాపువాడికి అద్దె ఉంటుంది, నెలల తరబడి గోడ మీద ఉంచుకోవాలి, గ్యారంటీ మాట చెప్పుకోవాలి. అందుకే అక్కడే ఇంకో బేస్ కొంటున్నప్పుడు, పాతదానికి ఇచ్చే రేటు, కొత్తదాని మీద తగ్గింపు కలిపి బేరమాడగలిగితేనే ఇది లాభం. ఒట్టి డబ్బు కోసం అయితే వద్దు.

ఓఎల్ఎక్స్ లాంటి యాప్‌లలో ఎక్కువమంది చూస్తారు, వాళ్లలో బేస్‌కీ మామూలు గిటార్‌కీ తేడా తెలియనివాళ్లే ఎక్కువ. "రెండు తీగలు లేవు, ఎప్పుడు తెగాయి" అని నన్నొకాయన అడిగాడు. చవక బేస్, నేర్చుకునేవాడికి పనికొచ్చేది అయితే ఇదే సరైన చోటు. ఒక్కటి గుర్తు పెట్టుకోండి, ఇలాంటి యాప్‌ల మీద పాత మోసం ఒకటుంది. ఆర్మీలో పనిచేస్తున్నా, వస్తువు చూడక్కర్లేదు, డబ్బు ఇప్పుడే పంపుతా అని ఫోన్ చేస్తాడు, క్యూఆర్ కోడ్ పంపి స్కాన్ చేయమంటాడు. డబ్బు మన దగ్గరికి రావడానికి యూపీఐ పిన్ ఎప్పుడూ అక్కర్లేదు, పిన్ అడిగిందంటే మన డబ్బే పోతోంది. పొరపాటున పోతే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి.

వాయించేవాళ్ల గ్రూపులు, ఫేస్‌బుక్‌లోవీ వాట్సాప్‌లోవీ, ఇరవై వేలు దాటిన ఏ బేస్‌కైనా నా మొదటి ఎంపిక. అక్కడ మోడల్ పేరు చెప్తే చాలు, వివరం అడగరు, నేరుగా నెక్ ఫొటో అడుగుతారు. బేరం గట్టిగానే ఆడతారు గానీ అబద్ధం చెప్తే పది నిమిషాల్లో పట్టేస్తారు. ప్లైవుడ్‌ని మహాగనీ అని రాశారో, మీ పేరు ఆ గ్రూపులో అలాగే ఉండిపోతుంది.

చాలామందికి తట్టని చోటు ఇంకోటుంది, చర్చిలు. మన రెండు రాష్ట్రాల్లో బేస్ నేర్చుకునే కుర్రాళ్లలో ఎంతోమంది మొదటిసారి దాన్ని ముట్టుకునేది ఆదివారం ఆరాధనలోనే. ఊళ్లో కీబోర్డ్ వాయించే అబ్బాయి ఎవరో ఒకరు మీకు తెలిసే ఉంటాడు, అతనికి చెప్పండి చాలు. పెళ్లి ఆర్కెస్ట్రాలవాళ్లూ అంతే. ధర కాస్త తక్కువ రావచ్చు, కానీ ఎదురుగా ప్లగ్ పెట్టి వాయించి, చేతిలో డబ్బు పెట్టి తీసుకెళ్తారు, వారం తర్వాత ఫోన్ చేసి గొడవ పెట్టరు. అయిదు నుంచి పదిహేను వేల మధ్య ఉన్న బేస్‌కి ఇంతకు మించిన దారి నాకు కనపడలేదు.

అమెరికాలో ఉన్న మనవాళ్లకు దారి వేరు, వాయిద్యాలు అమ్మే రివర్బ్ వెబ్‌సైట్‌లో పెడితే నెమ్మదిగా మంచి ధర, గిటార్ సెంటర్ షాపుకి తీసుకెళ్తే అప్పటికప్పుడు తక్కువ డబ్బు. ఇండియా వస్తూ ఇక్కడ అమ్ముదామని మోసుకురావడం నాకైతే దండగ అనిపిస్తుంది, చాలా అరుదైన మోడల్ అయితే తప్ప.

దూరం పంపాల్సి వస్తే నెక్ విప్పి రెండు ముక్కలుగా పంపడమే మంచిది. మొత్తం బేస్ నాలుగడుగులకు కాస్త తక్కువ ఉంటుంది, అంత పొడవు పెట్టె దొరకడమూ కష్టం, బస్సు కార్గోలో దాని మీద ఏ బస్తా పడుతుందో తెలియదు. నేనొకసారి మామూలు బట్ట కవర్‌లో పంపితే అవతలికి చేరేసరికి ట్యూనింగ్ కీ ఒకటి వంగిపోయింది, ఎనిమిది వందలు వెనక్కి పంపాను.

ధర ఎంత పెట్టాలంటే, మీరు కొన్న ధర మర్చిపోండి. అదే మోడల్ ఇవాళ కొత్తది ఎంతకు దొరుకుతుందో చూసి, మంచి కండిషన్ అయితే అందులో 60 శాతం అటూ ఇటూగా, సొట్టలూ తుప్పూ ఉంటే 45 దగ్గర మొదలుపెట్టండి. ఖరీదైన పికప్ వేయించుకుని ఉంటే పాతది తిరిగి పెట్టేసి దాన్ని విడిగా అమ్ముకోండి, ఆ ఖర్చు బేస్ ధరలో తిరిగి రాదు. కొత్త స్ట్రింగ్స్ కూడా వేయించకండి, ఉన్నవాటినే తుడవండి. వాళ్లకు నచ్చినవి వాళ్లు వేసుకుంటారు.

మా తమ్ముడి సంగతి చెప్పలేదు కదూ. "బాడీ ప్లైవుడ్, నెక్ మేపుల్, తిన్నగా ఉంది, బరువు 4.1 కిలోలు" అని ఉన్నదున్నట్టు రాయించాను, తొమ్మిది వేలు పెట్టించాను. మొదట మూతి ముడిచాడు. అయిదో రోజు సాయంత్రం ఒక చర్చి కుర్రాడు వాళ్ల నాన్నతో వచ్చి, చిన్న యాంప్ కూడా వెంట తెచ్చుకుని, ముప్పావు గంట వాయించి ఎనిమిది వేల రెండొందలకు తీసుకెళ్లాడు. స్ట్రాప్ కూడా ఇస్తావా అన్నా అంటే ఇచ్చేశాడట. వెనక మూతకు మూడు స్క్రూలే ఉన్నాయని ముందే చెప్పాడు, నాలుగోది మొన్న ఇల్లు ఊడుస్తుంటే మా పిన్నికి దొరికింది.